పెద్దాయన విడిచి వెళ్ళిన కారు

ఉదయము ఏడున్నర గంటలకు సూర్యాపేటలోని మా వీధిలో ఒక చప్పుడు వినిపిస్తుంది. మొదట ఒక మూలుగు, తరువాత రెండు దగ్గులు, ఆ తరువాత కుట్టు మిషను నడిచినట్లు టకటకమని ఒకటే చప్పుడు. అది విని ఎదురింటి అవ్వ కోడలితో "సారోళ్ళ కారు లేసింది, పిల్లగానికి డబ్బా కట్టు" అంటుంది. చప్పుడు రాని రోజున ఆమె స్వయముగా గేటు దగ్గరకు వచ్చి, జ్వరము వచ్చిన మనిషిని పరామర్శించినట్లు, "ఏమైంది బిడ్డా, ఇయ్యాల లేవలేదా?" అని అడుగుతుంది. ఏడాదిలో అటువంటి రోజులు పదిహేను, ఇరవై ఉంటాయి. అబద్ధము ఎందుకు, కొన్ని ఏండ్లలో ఇంకా ఎక్కువే.

ఆ కారు సంగతి వ్రాయమని మా సంఘములోని స్నేహితులు చాలాకాలముగా అడుగుచున్నారు. ఇంత కష్టపడి దానినే ఎందుకు నడుపుతారని వారి ప్రశ్న. మాకూ ఆ ప్రశ్న ఉన్నది.

1960లలో మన దేశములో కారు కొనదలచినవారికి ముఖ్యముగా దొరికేవి మూడే: అంబాసిడరు, ఫియటు, స్టాండర్డు. మాది మూడవది. స్టాండర్డ్ హెరాల్డు అంటారు. ఇంగ్లాండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డు అనే పేరుతో వచ్చిన బండిని మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుండి ఇక్కడ తయారు చేశారు. దాని రూపము గీచినవాడు మైకెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. ఈ హెరాల్డు చట్రమునే పొట్టిగా చేసి 1962లో ఇంగ్లాండువారు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారును తెచ్చారు. ఆ లెక్కన మాది స్పోర్ట్సు కారు కాకపోయినా, స్పోర్ట్సు కారుకు తోడబుట్టిన పెద్దక్క. మద్రాసు దగ్గర షోలవరములో పాత విమానాల బాట మీద జరిగిన పందెములలో హెరాల్డులు కూడా పరుగెత్తేవి. అయితే మా పెద్దక్కకు పందెముల గర్వము మిగిలిందే తప్ప పరుగు మిగలలేదు. 948 సి.సి. ఇంజను, సుమారు 35 గుర్రముల శక్తి. నేటి స్విఫ్టు కారులో దానికి రెట్టింపు ఉంటుంది.

మా ఇద్దరిలో ఒకరి తండ్రి, బడిపంతులు. మేమందరము పెద్దాయన అంటాము. 1984లో మిర్యాలగూడలో ఒక డాక్టరుగారి దగ్గర దీనిని పాతదిగానే కొన్నారు. 1969 మోడలు, నాలుగు తలుపులది. ఇంగ్లాండులో దీనికి రెండే తలుపులు. నాలుగు తలుపుల బండి మన దేశము కోసమే మద్రాసులో చేశారు. లేత నీలపు రంగు. సూర్యాపేటకు రైలు లేదు. బస్సో, లారీయో, స్వంత బండో తప్ప దారి లేని ఊరు. ఆ కారులో పెద్దాయన పురుటి నొప్పులవారిని ఆసుపత్రికి చేర్చారు, పెండ్లికూతుళ్ళను దింపారు, ఒకసారి రెండు మేకపిల్లలను కూడా తెచ్చారట. 2011లో ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళారు. కారు మాకు మిగిలింది. అమ్ముదామంటే ఇనుము ధర తప్ప పలకలేదు. సరే, నడిపి చూద్దామనుకున్నాము.

మేమిద్దరమూ ఉపాధ్యాయులమే. పెన్‌పహాడ్ వైపు ఒక పల్లెలో మా బడి. పోను రాను 30 కిలోమీటర్ల లోపే. రోజూ అంత దూరము నడిపితే ఏ బండి గుణమైనా బయటపడుతుంది.

ముందుగా విసుగుల సంగతి చెప్పనివ్వండి. ఏప్రిల్, మే నెలలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటిన తరువాత హెరాల్డుకు ఒక మొండితనము వస్తుంది. పెట్రోలు పంపు ఇంజను పక్కనే ఉంటుంది. వేడికి గొట్టములోనే పెట్రోలు ఆవిరి అయిపోయి పంపుకు అందదు. బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఆగినచోట చెట్టు ఉండదు, అది నియమము. అప్పుడు తడిగుడ్డ తీసి పంపు మీద వేసి, మరొక సీసా నీళ్ళు గొట్టము మీద పోసి, పావుగంట కూర్చోవాలి. అందుకని వేసవిలో మా కారులో ఎప్పుడూ రెండు సీసాల నీళ్ళు ఉంటాయి. ఒకటి మాకు, ఒకటి దానికి. మాలో పక్క సీటులో కూర్చునేవారు ఒకసారి దాహముతో దాని సీసా కూడా తాగివేశారు. ఆ రోజు బడికి చేరేసరికి ప్రార్థన, హాజరు, మొదటి పీరియడు అయిపోయాయి.

వానాకాలములో మరొక కథ. డైనమో కాబట్టి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు బ్యాటరీకి కరెంటు సరిగా అందదు. రాత్రి వానలో దీపములు, వైపరు, హారను మూడూ ఒకేసారి కావాలంటే ఏదో ఒకటి అలుగుతుంది. ఎడమ పక్క తలుపు సందులోనుండి నీళ్ళు కారుతాయి. అక్కడ కూర్చునేవారు ఎడమ కాలు పైకి పెట్టుకొని కూర్చోవడము అలవాటు చేసుకున్నారు. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, నీళ్ళలో మునిగి లేస్తే కొంతసేపు పట్టవు. రెండుమూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోవాలి. ఆ సంగతి వెనుక వచ్చే ఆటోవానికి తెలియదు.

సామాన్ల విషయము చెప్తే మరీ నవ్వు వస్తుంది. ఈ కంపెనీ కార్ల తయారీ 1988లో ఆగిపోయింది. సూర్యాపేటలో లారీకి కావలసిన ఏ సామానైనా గంటలో దొరుకుతుంది. మాకు క్లచ్చి ప్లేటు కావాలంటే సికిందరాబాదు రాణిగంజిలో వాకబు చేయాలి, అక్కడ లేకపోతే చెన్నైలో పుదుపేట పాత సామాన్ల అంగళ్ళకు ఫోను చేయాలి. దొరకనివాటిని విజయవాడ ఆటోనగరులో లేతు మీద చేయించాము. ఇంజను హెడ్డు అక్కడే బాగుచేయించాము. 2000 సంవత్సరములో దేశమంతటా సీసము కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసము పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోటు అరిగిపోకుండా కాపాడేదట. అది లేకపోయేసరికి అరుగుదల మొదలయింది. గట్టి లోహముతో కొత్త సీట్లు వేయించిన తరువాత ఇప్పటివరకు దిగులు లేదు.

ఇన్ని చెప్పిన తరువాత సంతోషములు ఏమున్నాయని మీరు అడుగుతారు. ఉన్నాయి.

ఈ బండికి బానెట్టు అందరి కార్లవలె ముందునుండి లేవదు. రెండు పక్కల మడ్‌గార్డులు, ముందు దీపములు, అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకు వంగి తెరుచుకుంటుంది. మొసలి నోరు తెరిచినట్లు ఉంటుందని మా బడి పిల్లలు అంటారు. తెరిస్తే ఇంజను, చక్రములు, స్టీరింగు కడ్డీలు అన్నీ బయటనే. ముందు చక్రము మీదనే కూర్చొని పని చేసుకోవచ్చు. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఇంజను పాఠము వచ్చినప్పుడు బోర్డు మీద బొమ్మ వేయడము మానుకొని వారిని చెట్టు క్రిందకు తీసుకువెళ్తాము. ఇది కార్బురేటరు, ఇక్కడ గాలి, పెట్రోలు కలుస్తాయి. ఇది ప్లగ్గు, ఇక్కడ నిప్పు పుడుతుంది. నేటి కారులో మూత తెరిస్తే మరొక మూత కనిపిస్తుంది.

ఇంకొకటి, తిప్పడము. హెరాల్డు ముందు చక్రములు చాలా ఒరుగుతాయి. 25 అడుగుల వలయములో బండి మొత్తము తిరుగుతుంది. కూరగాయల మార్కెట్టు సందులో పెద్ద కార్లవారు నాలుగుసార్లు ముందుకు వెనుకకు అవస్థపడుచుండగా మేము ఒక్క తిప్పుతో వెనుదిరిగి వస్తాము. అప్పుడు మా ముఖములలో కొంచెము గర్వము కనిపిస్తే క్షమించాలి.

పెన్‌పహాడ్ దారిలో ఉదయము గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వెళ్తుంటే ముందు కిటికీ పక్కనున్న చిన్న త్రికోణపు అద్దము తెరిస్తే చాలు, గాలి నేరుగా ముఖము మీదకు వస్తుంది. దమ్ము చేసే ట్రాక్టరు వెనుక కొంగలు వరుసగా నడవడము కనిపిస్తుంది. నాట్లు వేసే అమ్మలు లేచి చేతులు ఊపుతారు. వేగముగా పోయే కారుకు ఎవరూ చేయి ఊపరు. మిర్యాలగూడ వెళ్ళేటప్పుడు రైసు మిల్లులలో ఉడికే వడ్ల వాసన బండినిండా నిండి, సాయంత్రము ఇంటికి వచ్చినా సీట్లలో ఉంటుంది. ఏ.సి. కారులో వెళ్ళేవారికి మిర్యాలగూడ ఎప్పుడు వచ్చిందో తెలియదు.

మరియు మనుషులు. పెట్రోలు బంకులో, రైల్వే గేటు దగ్గర ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి బండి మీద చేయి వేసి "ఇది హెరాల్డు గదా సారూ, మా దొర దగ్గర ఉండె" అని మొదలుపెడతారు. ఆలస్యమైనా ఆ కథ వినే కదులుతాము.

ఇక అసలు సంగతి. ఇది వ్రాయాలా వద్దా అని మేమిద్దరము రెండు రాత్రులు ఆలోచించాము.

2018 ఆగస్టు నెలలో ఒక శనివారము కోదాడలోని బంధువుల ఇంటికి బయలుదేరాము. హైదరాబాదు, విజయవాడ హైవే మీద సుమారు 45 కిలోమీటర్లు. అప్పుడు మా పాపకు ఆరేండ్లు, వెనుక సీటులో నిలబడి పాటలు పాడుచున్నది. మునగాల దాటిన తరువాత స్టీరింగు కొంచెము బరువైనట్లు మాలో ఒకరికి అనిపించింది. ఎండకు అనుకున్నాము. కోదాడలో హైవే దిగి, ఊరిలోకి మెల్లగా మలుపు తిప్పుచుండగా టప్పుమని చప్పుడు వచ్చింది. బండి ఎడమవైపు ముందుకు కూలబడింది. దిగి చూస్తే ఎడమ చక్రము, విరిగిన కాలువలె, లోపలికి మడతపడి ఉన్నది.

ఎవరికీ దెబ్బ తగలలేదు. అప్పుడు బండి మనిషి నడిచే వేగములో ఉన్నది. పది నిమిషముల ముందు అదే బండి లారీల మధ్య 60 కిలోమీటర్ల వేగముతో వెళ్ళుచున్నది. మేము పాపను ఎత్తుకొని రోడ్డు పక్కన కూర్చొన్నాము. ఇద్దరమూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇద్దరు ఆటోవారు, ఒక లారీ డ్రైవరు వచ్చి బండిని ఎత్తి పక్కకు జరిపారు. ఆ లారీ డ్రైవరు చక్రము చూసి, పాపను చూసి, తల అడ్డముగా ఊపి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడము మాకు ఇప్పటికీ గుర్తున్నది.

సూర్యాపేట నుండి మా ముసలి మేస్త్రీ వచ్చాడు. విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకొని చూపించాడు. హెరాల్డు ముందు చక్రము ఒక కంచు ముక్కలో మరలతో నిలబడి ఉంటుంది, నట్టులో బోల్టు ఉన్నట్లు. స్టీరింగు తిప్పినప్పుడల్లా చక్రపు ఇరుసు ఆ మరలలో తిరుగుతుంది. అందులో గేరు నూనె ఉండాలి. మేము ఏండ్ల తరబడి సర్వీసుకు ఇచ్చినచోట అందరి బండ్లకువలె దీనికీ గ్రీజు కొట్టారు. గ్రీజు గట్టిపడింది, మరల లోపలికి చేరలేదు, నీళ్ళు చేరి తుప్పు పట్టి ఉక్కు తెగిపోయింది. "గ్రీజు కొట్టెటోని తప్పు సగమే సారూ. ఇది గ్రీజు కొట్టేది కాదు, నూనె పోసేది. పెద్దసారు అయితే ఆయనే పోసుకుంటుండె" అన్నాడు.

పుదుపేట నుండి సామాను రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులు ఆర్టీసీ బస్సులో బడికి వెళ్ళాము. నిజము చెప్పాలంటే హాయిగానే ఉన్నది. అయిదవ రోజో ఆరవ రోజో, బండి కాగితముల కోసము డ్యాష్‌బోర్డు అర వెదుకుచుండగా అడుగున పెద్దాయన లెక్కల పుస్తకము దొరికింది. అది ఉన్నదని మాకు తెలుసు; పెట్రోలు లెక్కలేకదా అని ఎన్నడూ తెరవలేదు. ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు, ఏ తేదీన ఎవరిని ఎక్కడికి తీసుకువెళ్ళారు, అన్నీ ముత్యాలవంటి అక్షరములతో ఉన్నాయి. మూడవ పేజీలో ఎర్ర సిరాతో గీత గీసి వ్రాశారు: "ముందు చక్రముల కీళ్ళకు గ్రీజు వద్దు. గేరు నూనె. మూడు నెలలకొకసారి. మరువరాదు."

ఏడేండ్లు ఆ పుస్తకము మా మోకాళ్ళ ముందరనే ఉన్నది.

ఆ రాత్రి మాలో ఒకరు బండి అమ్మివేయాలన్నారు. తండ్రి జ్ఞాపకమని రెండవవారు అన్నారు. జ్ఞాపకము కోసము పిల్లను వెనుక సీటులో బెల్టు లేకుండా కూర్చోబెడతామా అని మొదటివారు అడిగారు. దానికి జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నేటి కార్లలో ఉండే గాలి సంచులు, గుద్దితే నలిగి మనిషిని కాచే ముందు భాగము ఈ బండిలో లేవు. వెనుక చక్రముల అమరిక వలన మలుపులో వేగముగా పోతే వెనుక చక్రము లోపలికి ఒరిగి బండి జారే గుణము కూడా ఉన్నది. ఇంగ్లాండులోనే దానికి చెడ్డపేరు. ఇవన్నీ తెలిసి ప్రేమ పేరుతో కండ్లు మూసుకోవడము తప్పని ఒప్పుకున్నాము. రెండు నెలలు మా మధ్య ఈ మాట నలిగింది. భోజనాల దగ్గర కూడా నలిగింది.

చివరకు ఒప్పందమయింది. హైవే మీదకు బండి వెళ్ళదు. కోదాడకు, హైదరాబాదుకు బస్సే. పాప బడికి బడి బస్సు. పెన్‌పహాడ్ దారిలో మేమిద్దరమే, ముందు సీట్లకు చట్రమునకు బిగించిన బెల్టులు పెట్టుకొని, 50 దాటకుండా. మూడు నెలలకొకసారి నూనె ఎవరో పోస్తారని ఇవ్వకుండా మేమే పోయాలి. ఆదివారము ముసలివారిని గుడికి తీసుకురావడము మాత్రము మానలేదు, అది ఊరిలోనే.

ఇంతలో 2025లో మరొక చిక్కు. దేశములో పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరింది. చెరకు, మొక్కజొన్న, బియ్యమునుండి చేసేది కాబట్టి రైతుకు మేలని మాకూ సంతోషమే. కాని పాత రబ్బరుకు అది పడదు. ఒక ఉదయము షెడ్డు తెరవగానే పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. గొట్టము పగిలి బొట్లు బొట్లుగా కారుచున్నది. సెల్ఫు కొట్టకుండా బ్యాటరీ తీగ విప్పి, బండిని చేతులతో బయటకు తోశాము. ఇథనాలును తట్టుకొనే గొట్టములు, పంపులో కొత్త పొర వేయించాము, కార్బురేటరు జెట్టు కొంచెము పెద్దది పెట్టించాము. లీటరుకు వచ్చే దూరము మాత్రము తగ్గింది. పాత బండ్లు నడిపే సోదరులు ఎవరైనా ఉంటే, మోపెడైనా సరే, ఒకసారి గొట్టములు వంచి చూసుకోండి. పగుళ్ళు కనిపిస్తే ఆ రోజే మార్చండి.

రిజిస్ట్రేషను సంగతి కూడా తెగలేదు. 15 ఏండ్లు దాటిన స్వంత కారుకు అయిదేండ్లకొకసారి తనిఖీ చేయించి కాగితములు పొడిగించుకోవాలి. 20 ఏండ్లు దాటిన కార్లకు ఆ రుసుము 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. 2021లో వచ్చిన నిబంధన ప్రకారము 50 ఏండ్లు దాటిన బండికి వింటేజి అని 20,000 రూపాయలు కట్టి ప్రత్యేకమైన నంబరు తీసుకోవచ్చు. మా బండికి ఆ వయస్సు ఎప్పుడో వచ్చింది. కాని ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పరాదు. గౌరవము ఇస్తారు, పని చేయనివ్వరు. పెద్దాయన పదవీ విరమణ రోజున శాలువా కప్పినప్పుడు ఇదే మాట అన్నారు.

ప్రస్తుతానికి 10,000 రూపాయలు డబ్బాలో వేస్తున్నాము. మా పాప ఇప్పుడు తొమ్మిదవ తరగతి దగ్గరకు వచ్చింది. ఎర్ర సిరా గీత క్రింద తేదీలు వేయడము తన పని. పోయినసారి మేము రెండు వారాలు ఆలస్యము చేస్తే తేదీ పక్కన "ఆలస్యము" అని కూడా వ్రాసింది.

చివరగా ఒక మనవి. పాత ఇండ్ల దొడ్లలో, కోళ్ళ గంపల వెనుక, ఇటువంటి హెరాల్డు ఎక్కడైనా మూలపడి ఉన్నట్లు మీకు తెలిస్తే దయచేసి సంఘ కార్యాలయములో చెప్పి ఉంచండి. మాకు బండి అక్కరలేదు. ఎడమవైపు వెనుక దీపపు ఎర్ర అద్దము ఒకటి కావాలి. రెండేండ్లుగా దానికి ఎర్ర కాగితము అంటించి నడుపుచున్నాము, వానకు అది ఊడి వస్తున్నది.